అద్దం మొరాయిస్తే... ఆగి వినండి!

సూర్యాపేట ఎండ, కోదాడ వాన, మిర్యాలగూడ ఊక... ఈ మూడూళ్ల దారిలో కారు అద్దానికి ఎన్ని పరీక్షలో! మీట నొక్కినా అద్దం కదలడం లేదంటే అది ముందే ఏదో చెప్పింది, మనం వినలేదన్నమాట. ఆ భాష నేర్చుకుంటూ ఓ చుట్టు తిరిగొద్దాం రండి.

హైదరాబాద్ నుంచి బెజవాడ పోయే దారిలో సూర్యాపేట వచ్చిందంటే సగం ప్రయాణం అయిపోయినట్టే లెక్క. అప్పటిదాకా ఏసీ వేసుకుని బిగించుకు కూర్చున్నవాళ్లంతా ఇక్కడే అద్దాలు దించుతారు. ఒకరికి చాయ్ కావాలి, ఇంకొకరికి మిర్చీబజ్జీ కావాలి. వెనక సీట్లో పిల్లలకైతే అసలు కారణమే అక్కర్లేదు. మీట నొక్కితే అద్దం కదులుతోంది... అది చాలు!

అయితే ప్రతి కారుకీ ఓ రోజు వస్తుంది. మీట నొక్కుతారు. తలుపులోంచి 'టక్'మని చప్పుడు. అద్దం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. లేదంటే దిగింది దిగినట్టే ఉండిపోయి పైకి రానంటుంది. సరిగ్గా అప్పుడే ఆకాశంలో మబ్బు పడుతుంది, అదేం చిత్రమో!

సూర్యాపేట నుంచి కోదాడ, అక్కణ్నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ, మళ్లీ సూర్యాపేట. ఈ ముక్కోణం చుట్టి వస్తే అటూఇటూగా 150 కిలోమీటర్లు. ఇంత చిన్న చుట్టులోనే జాతీయ రహదారి, టోల్‌గేట్ల తాకిడి, 45 డిగ్రీలు దాటే ఎండలు, సిమెంటు లారీలు, వడ్ల ట్రాక్టర్లు, రైసుమిల్లుల ఊక, నిండుగా పారే సాగర్ కాలువలు... అన్నీ తగులుతాయి. కారు తలుపులో ఉండే ఆ చిన్న మోటారుకి ఇంతకన్నా కఠినమైన బడి ఎక్కడుంటుంది?

తలుపులో బావిగిలక

అంబాసిడర్‌లోనూ, మారుతి 800లోనూ తిరిగినవాళ్లకి గుర్తుండే ఉంటుంది... తలుపుకి ఓ చిన్న హ్యాండిల్. గుండ్రంగా తిప్పితే అద్దం కిందికి, వెనక్కి తిప్పితే పైకి. చెయ్యి నొప్పెట్టేది కానీ, అద్దం బరువెక్కిందో లేదో ఆ చేతికే తెలిసిపోయేది. ఇప్పుడా పని మోటారు చేస్తోంది. చెయ్యికి తెలియాల్సింది ఇక చెవికీ కంటికీ తెలియాలి.

ఈ సౌకర్యం కొత్తదేం కాదు. 1940లోనే అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తన ఖరీదైన కార్లకి విద్యుత్తు, ద్రవపీడనం కలిపి నడిచే అద్దాలు పెట్టింది. మనదగ్గర మాత్రం మధ్యతరగతి కార్ల దాకా రావడానికి ఆ తర్వాత యాభై ఏళ్లకు పైనే పట్టింది. ముందు తలుపులకి వచ్చాయి, ఆ తర్వాత నాలుగు తలుపులకీ వచ్చాయి.

డోర్‌ప్యాడ్ ఊడదీసి చూస్తే లోపల పెద్ద రహస్యమేమీ ఉండదు. మన పల్లెల్లో బావికి గిలక ఉండేది చూడండి, అదే! చేద బదులు అద్దం. మోకు బదులు సన్నటి ఉక్కు తీగ. తోడే మనిషి బదులు 12 వోల్టుల మోటారు. అద్దం అడుగుభాగాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు, తీగ నడిచే గిలకలు, నిలువు పట్టీ... వీటన్నిటినీ కలిపి మెకానిక్కులు 'మెషిన్' అంటారు, పుస్తకాల్లో రెగ్యులేటర్ అంటారు. కొన్ని కార్లలో తీగ ఉండదు, కత్తెరలా తెరుచుకుని మూసుకునే ఇనప చేతులుంటాయి. అద్దం అటూఇటూ ఊగకుండా రెండు పక్కలా రబ్బరు గాడి ఉంటుంది. దాన్నే బీడింగ్ అంటాం. ఇక మోటారుకి కరెంటు రావాలంటే బ్యాటరీ, ఫ్యూజు, రిలే, మీట, వైరు... అన్నీ సరిగ్గా ఉండాలి.

అంటే అద్దం మొరాయిస్తే దొంగలు మూడు చోట్ల ఉండొచ్చు. కరెంటు దారిలో, మోటారు-మెషిన్‌లో, లేదా గాడిలో. ఏ చోటో ముందే కనిపెట్టగలిగితే యాభై రూపాయల్లోపు ఫ్యూజుతో పోయేదానికి వేలు పోసి మోటారు మార్పించుకునే అవస్థ తప్పుతుంది.

సూర్యాపేట: మీట అరిగిన చోటు

సూర్యాపేటకి పాతపేరు భానుపురి. పేరులోనే సూర్యుడున్నాడు మరి, వేసవిలో ఊరంతా ఆయనదే! 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. అంతకుముందు నల్గొండ జిల్లాలో భాగం. హైదరాబాద్-విజయవాడ రహదారిని అప్పట్లో 9వ నంబరు అనేవాళ్లు, ఇప్పుడు 65వ నంబరు. నాలుగు వరుసలుగా విస్తరించిన ఈ దారి మీద 2012 డిసెంబరులో టోల్ వసూలు మొదలైంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు... మూడు టోల్‌ప్లాజాలు. ప్రతిచోటా అద్దం దించు, డబ్బులివ్వు, చీటీ తీసుకో, అద్దం ఎక్కించు. సంక్రాంతి రద్దీలో అయితే వరుస ముందుకి జరిగినప్పుడల్లా తల బయటపెట్టి చూడటానికి మరో రెండుసార్లు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక గానీ డ్రైవరు వైపు అద్దానికి కాస్త ఊపిరాడలేదు.

ఇంతకీ ఈ దారి నేర్పే మొదటి పాఠం ఏమిటంటే, నాలుగు అద్దాల్లో డ్రైవరు వైపుదే ఎక్కువగా అరుగుతుంది. దాని మీటే ముందు అలసిపోతుంది. పైగా నాలుగు అద్దాల మీటలూ ఉండే పలక కూడా అక్కడే ఉంటుంది. చాయ్ ఒలికినా, వాన జల్లు పడినా, దుమ్ము చేరినా దాని మీదే.

మరి మీట తప్పా, మోటారు తప్పా తెలిసేదెలా? మంచి మెకానిక్ స్క్రూడ్రైవర్ తీయకముందే కొన్ని ప్రశ్నలు అడుగుతాడు. అవి మనమే వేసుకోవచ్చు.

నాలుగు అద్దాలూ ఒకేసారి పనిచేయడం లేదా? అయితే మోటార్ల జోలికి వెళ్లక్కర్లేదు. నాలుగు మోటార్లు ఒకేరోజు పోవు కదా! ఫ్యూజు చూడాలి, రిలే చూడాలి. డ్రైవరు పలక మీద ఉండే లాక్ బటన్ చూడటం మరవొద్దు. అది నొక్కుకుపోతే మిగతా తలుపుల్లోని మీటలు పనిచేయవు. గ్యారేజీ దాకా వెళ్లి, ఆ బటన్ ఒక్కటీ నొక్కించుకుని తిరిగొచ్చేవాళ్లు తక్కువేం కాదు.

ఒక తలుపు అద్దం డ్రైవరు మీటకి కదులుతోంది, తన మీటకి కదలడం లేదు. లాక్ బటన్ నొక్కి లేకపోతే ఆ తలుపు మీటనే అనుమానించాలి. మోటారు బాగానే ఉన్నట్టు.

దిగుతోంది కానీ ఎక్కడం లేదు. మోటారు కాలిపోతే సాధారణంగా రెండు వైపులా పని చేయదు. ఒక వైపే మొండికేస్తోందంటే మీట లోపలి రాగిరేకులు నల్లబడి ఉండొచ్చు. లేదా గాడి బిగుసుకుపోయి, అద్దం బరువుని పైకి లాగలేకపోతూ ఉండొచ్చు.

అసలు చప్పుడే లేదు. రాత్రిపూట కారులో పైలైటు వేసి మీట నొక్కి చూడండి. లైటు కాస్త మసకబారిందంటే కరెంటు మోటారు దాకా వెళ్తోంది, అక్కడ ఏదో బిగుసుకుపోయిందన్నమాట. లైటులో మార్పే లేకపోతే కరెంటు మధ్యలోనే ఆగిపోతోంది. డబ్బులేమీ ఖర్చు లేని ఈ పరీక్ష సగం తగువు తీర్చేస్తుంది.

మీట నొక్కి పట్టి, తలుపు మీద అరచేత్తో తడితే అద్దం కదిలిందా? మోటారులోని బొగ్గు బ్రష్షులు అరిగిపోయాయని గుర్తు. ఇవ్వాళ తడితే కదిలింది కదా అని సంబరపడొద్దు. ఆ మోటారుకి రోజులు దగ్గర పడ్డాయి.

గ్యారేజీలో ఇదంతా సాగేలోపు సమయముంటే పిల్లలమర్రి చూసి రండి. సూర్యాపేటకి కూతవేటు దూరమే. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్ల కాలంనాటి శివాలయాలు... ఎరకేశ్వర, నామేశ్వర ఆలయాలు. అక్కడి శాసనాల్లో ఒకటి 1208 నాటిది, గణపతిదేవుడి కాలం. కవి పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు ఈ ఊరిదే. నల్లరాతి స్తంభాలు ఎంత నునుపంటే దగ్గరికెళితే మన నీడ వాటిలో కనిపిస్తుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి అద్దాలవి... ఇప్పటికీ మొరాయించలేదు!

రెండేళ్లకోసారి ఊరికి దగ్గర్లోని దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల జాతర జరుగుతుంది. 'ఓ లింగా' అంటూ లక్షలమంది కదిలివస్తారు. రహదారి మీది వాహనాలని దారి మళ్లిస్తారు. ఆ రోజుల్లో మట్టిదారుల్లో తిరిగిన కారు గాడుల్లో ఎంత దుమ్ము చేరుతుందో ఊహించుకోవచ్చు. జాతర నుంచి రాగానే కారు బయట కడిగితే సరిపోదు. అద్దం పూర్తిగా దించి, రెండు పక్కల గాడుల్నీ తడిగుడ్డతో తుడవాలి.

కోదాడ దారి: ఎండకి రబ్బరు, వానకి వైరు

సూర్యాపేట దాటి మునగాల మీదుగా వెళ్తే కోదాడ. నిజాం రాజ్యం మధ్యలో ఉంటూ మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకి చెందిన చిత్రమైన పరగణా మునగాల. నడిగూడెం కోటలోని రాజా నాయని వెంకటరంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు... 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలియడంలో వీళ్లిద్దరి పాత్రా ఉంది. రహదారి మీద వంద వేగంతో దూసుకుపోయేవాళ్లకి ఇవేవీ కనిపించవు. చరిత్ర కూడా కిటికీ దించితేనే కనిపిస్తుంది!

ఈ ప్రాంతపు ఎండకి ముందుగా లొంగేది రబ్బరు. ఏళ్ల తరబడి ఎండలో నిలబడిన కారు బీడింగ్ గట్టిపడి పగుళ్లిస్తుంది. మెత్తగా ఉన్నప్పుడు అద్దం జారేది, గట్టిపడ్డాక రాసుకుంటుంది. గుర్తులు స్పష్టంగా ఉంటాయి. అద్దం మునుపటికన్నా నెమ్మదిగా ఎక్కుతుంది. మధ్యలో 'కీచు'మంటుంది. అద్దం మీద నిలువు గీతలు పడతాయి. మధ్యాహ్నం సతాయించి పొద్దున పూట బాగానే ఉండొచ్చు.

ఇక్కడే ఒక తేడా గమనించాలి. నాలుగు అద్దాలూ నెమ్మదించాయా, ఒక్కటేనా? నాలుగూ అయితే బ్యాటరీని అనుమానించాలి. ఇంజను ఆపి ఉన్నప్పుడు నత్తనడక, ఇంజను నడుస్తున్నప్పుడు చురుకు... అలా ఉంటే అది బ్యాటరీ బలహీనతే. ఒక్కటే నెమ్మదిస్తే ఆ తలుపు గాడో, మోటారో. ఈ దశలో గాడి శుభ్రం చేసి సిలికాన్ స్ప్రే కొడితే చాలావరకు సర్దుకుంటుంది. చాలామంది గ్రీజో, ఇంజన్ ఆయిలో, ఇంట్లోని కొబ్బరినూనో పూసేస్తారు. ఆ పూట బాగానే జారుతుంది. తర్వాత జిడ్డుకి దుమ్మంతా అతుక్కుంటుంది, పెట్రోలియం నూనెకి రబ్బరు ఉబ్బిపోతుంది. రోగం కన్నా మందే ముదిరినట్టు!

కోదాడ ఎండే కాదు, వాన కూడా తక్కువది కాదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానని ఈ ఊరు మర్చిపోదు. చెరువులు, వాగులు పొంగి పట్టణంలోకి వచ్చాయి. కార్లు, ఆటోలు నీళ్లలో కొట్టుకుపోయాయి. ప్రాణాలూ పోయాయి. నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకి గండిపడింది. విజయవాడ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి.

మామూలు వానకి కూడా తలుపులోకి నీళ్లు దిగుతాయి. అది లోపం కాదు, తయారీయే అలా ఉంటుంది. అద్దం వెంట జారిన నీరు తలుపు అడుగున ఉండే చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. ఆ రంధ్రాలు మట్టితో పూడుకుపోతే నీరు లోపలే నిలుస్తుంది. మోటారు, మెషిన్ తుప్పు పడతాయి. తలుపు తెరిచి మూసినప్పుడు లోపల నీళ్లు 'గలగల'మంటే ఆ చప్పుడుని తేలిగ్గా తీసుకోవద్దు. ఓ పుల్లతో రంధ్రాలు తెరిస్తే పోయేదానికి మోటారుని బలివ్వడం దేనికి?

ఇంకో దొంగ తలుపుకీ, కారు స్తంభానికీ మధ్య దాక్కుంటాడు. అక్కడ మడతలు మడతలుగా ఓ రబ్బరు గొట్టం ఉంటుంది, వైర్లన్నీ దాన్లోంచే తలుపులోకి వెళ్తాయి. తలుపు తెరిచినప్పుడల్లా అవి వంగుతాయి. ఏళ్లు గడిస్తే లోపల తీగ తెగుతుంది. తలుపు తెరిచి ఉంచితే అద్దం పనిచేస్తోంది, మూస్తే ఆగిపోతోంది... లేదా అద్దంతోపాటు ఆ తలుపు స్పీకరూ, సెంట్రల్ లాకూ కూడా అప్పుడప్పుడూ మాట వినడం లేదు... అంటే వెతకాల్సింది అక్కడే. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర పోయే పని అది.

హుజూర్‌నగర్: బూడిదరంగు దారి

కోదాడ దగ్గర ఎడమకి తిరిగితే ఖమ్మం, కుడికి తిరిగితే హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ. కుడి దారిలో కొంతసేపటికే చెట్ల రంగు మారుతుంది. మేళ్లచెరువు, మఠంపల్లి, ఆ చుట్టుపక్కలంతా సున్నపురాయి నేల, సిమెంటు కర్మాగారాలు. రోడ్డు పక్క ఆకుల మీద బూడిదరంగు పూత. కృష్ణ ఒడ్డున మట్టపల్లి నరసింహస్వామి దర్శనానికి వెళ్లే భక్తులూ, సిమెంటు లారీలూ ఈ ప్రాంతపు దారుల్నే పంచుకుంటారు.

ఈ దుమ్ము అద్దం అంచున గాడిలోకి చేరుతుంది. సిమెంటు తడిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు కదా! పొడిగా ఉన్నప్పుడు గరుకుకాగితంలా గీస్తుంది, మంచుకో వానకో తడిస్తే ముద్దకట్టి పట్టేస్తుంది. ఇలాంటి దారిలో తిరిగాక అద్దం బిగుసుగ్గా అనిపిస్తే మీటని మళ్లీ మళ్లీ నొక్కడం తగదు. బిగుసుకున్న మోటారు వేడెక్కుతుంది. చాలా మోటార్లలో వేడెక్కితే వాటంతటవే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. పోయిందనుకున్న అద్దం పది నిమిషాల తర్వాత మళ్లీ కదిలితే అది అద్భుతం కాదు, మోటారు చల్లబడిందంతే. అంటే ఓ హెచ్చరిక అందినట్టు.

మిర్యాలగూడ: ఊకలో సిలికా

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలారు. ఆ ఎడమ కాలువ నీళ్లే మిర్యాలగూడ రాత మార్చాయి. వరి వచ్చింది, వరి వెంట మిల్లులొచ్చాయి. ఇవ్వాళ దేశంలోనే పేరున్న బియ్యం మిల్లుల కేంద్రాల్లో ఇదొకటి. కోతల కాలంలో వడ్ల ట్రాక్టర్లు మిల్లుల ముందు బారులు తీరతాయి. రోడ్డు మీద సగం వెడల్పు వడ్లు ఆరబోసి ఉంటాయి. గాలిలో తవుడు వాసన, ఎగిరే పొట్టు. అటు దామరచర్ల వైపు వెళ్తే కృష్ణా-మూసీ సంగమం వాడపల్లి.

చూడ్డానికి ఊక ఎంత తేలిక! కానీ ఊక కాల్చగా మిగిలిన బూడిదలో అత్యధిక భాగం సిలికా... అంటే ఇసుకలోనూ, గాజులోనూ ఉండేదే. గాడిలో చేరిన ఆ బూడిద గాజుని గాజుతో రుద్దినట్టే. ఈ ఊళ్లో కారుండేవాళ్లు నెలకోసారి గాడులు తుడుచుకుంటే మెషిన్ ఆయుష్షు పెరుగుతుంది.

ఇక మెషిన్ తెగబోయే ముందు చేసే చప్పుళ్లు చూద్దాం. ఎక్కేటప్పుడు 'కటకట'మంటే తీగలో ఒక్కో పోగు తెగుతూ ఉండొచ్చు, లేదా గిలక పగిలి ఉండొచ్చు. అద్దం ఒక పక్కకి ఒరిగి, ముందు భాగం ఎత్తుగా వెనక భాగం కిందికి ఉందంటే అడుగు క్లిప్పు విరిగినట్టు. మోటారు తిరిగే చప్పుడు వినిపిస్తోంది కానీ అద్దం కదలడం లేదంటే తీగ తెగిపోయింది. 'దబ్'మని తలుపులోకి పడిపోయిందంటే ఇక చెప్పేదేముంది! క్లిప్పు ఒక్కటే విరిగితే కొన్ని కార్లకి అదొక్కటే దొరుకుతుంది. మొత్తం మెషిన్ మార్చాలన్నప్పుడు పాతది చూపించమని అడగండి. ఏది విరిగిందో కళ్లతో చూసి డబ్బులివ్వడం మర్యాదే, అనుమానం కాదు.

దారిలో అద్దం దిగి ఎక్కనంటే ఓ చిట్కా. ఒకరు ఎక్కించే మీట నొక్కి పట్టాలి. ఇంకొకరు రెండు అరచేతుల మధ్య అద్దాన్ని లోపలా బయటా అదిమి మెల్లగా పైకి లాగాలి. మోటారులో కాస్త ప్రాణముంటే ఎక్కేస్తుంది. పైకి చేరాక వెడల్పాటి టేపుతో ఫ్రేముకి అంటించి, మళ్లీ ఆ మీట ముట్టకుండా ఇల్లు చేరాలి.

వేలు పడితే...

ఒక్క మీటతో దానంతటదే ఎక్కే అద్దాలున్న కార్లలో మరో తమాషా జరుగుతుంది. అద్దం పైదాకా వెళ్లి, మళ్లీ తనంత తానే కిందికి దిగిపోతుంది. దయ్యమేం కాదు. మధ్యలో చెయ్యో, తలో అడ్డుపడితే వెనక్కి తగ్గే రక్షణ అది. గాడిలో దుమ్ము పేరుకుని అద్దం బిగుసుకున్నా ఏదో అడ్డుపడిందనుకుని దిగిపోతుంది. గాడి శుభ్రం చేస్తే సరి. కొత్త బ్యాటరీ వేశాక ఇలా జరిగితే మాత్రం అద్దం తన హద్దులు మర్చిపోయిందన్నమాట. చాలా కార్లలో పూర్తిగా దించి, పూర్తిగా ఎక్కించి, మీటని ఇంకొన్ని సెకన్లు అలాగే పట్టి ఉంచితే మళ్లీ నేర్చుకుంటుంది. మీ కారు పద్ధతి కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ఐరోపా నిబంధనల ప్రకారం ఈ రక్షణ ఉన్న అద్దం 100 న్యూటన్లకి, అంటే సుమారు 10 కిలోల బరువుకి మించి నొక్కకముందే వెనక్కి తగ్గాలి. రక్షణ లేని అద్దాలు అంతకన్నా చాలా గట్టిగా నొక్కుతాయి. మనదగ్గర ఎన్నో కార్లలో ఆ రక్షణ డ్రైవరు అద్దానికి మాత్రమే ఉంటుంది. పిల్లలు కూర్చునేదేమో వెనక! అందుకే వెనక సీట్లో పిల్లలుంటే లాక్ బటన్ నొక్కి ఉంచాలి. తాళం కారులో వదిలి 'ఇప్పుడే వస్తా' అని దిగకూడదు.

కాలువ పక్కన...

మిర్యాలగూడ నుంచి తిరుగు దారంతా నీళ్లే తోడు. ఎడమ కాలువ, దాని కింద మేజర్లు, మైనర్లు. కట్టల మీద మలుపులు తిరిగే ఊరి దారులు. పచ్చటి మళ్లు, కొంగలు... చూడ్డానికి ఎంత బాగుంటుందో రాత్రిపూట అంత భయపెడుతుంది. 2019 అక్టోబరులో ఇదే ఎడమ కాలువలో, నడిగూడెం మండలం చాకిరాల దగ్గర, పెళ్లికొచ్చి తిరిగి వెళ్తున్న కారు పడిపోయింది. అందులోని ఆరుగురూ చనిపోయారు.

అద్దం గురించి ఇంతసేపు మాట్లాడుకున్నది అసలు ఇందుకే. కారు నీళ్లలో పడ్డప్పుడు వెంటనే మునగదు. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ కార్లని నిజంగానే నీళ్లలో ముంచి పరీక్షించారు. అర నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా కారు తేలుతుంది. బతికేది ఆ కొద్దిసేపట్లోనే. తలుపు తెరవాలని చూస్తే బయటి నీటి ఒత్తిడి తెరవనివ్వదు. తెరుచుకున్నా నీరు ఒక్కసారిగా లోపలికి వస్తుంది. ఫోను చేస్తూ కూర్చుంటే సమయం అయిపోతుంది. ఆయన చెప్పే వరుస ఇది... సీటుబెల్టు తీయాలి, అద్దం దించాలి, పిల్లల్ని ముందు బయటికి పంపాలి, మనం బయటపడాలి.

నీరు తగిలినంత మాత్రాన మోటారు అప్పటికప్పుడు ఆగిపోకపోవచ్చు. కానీ నీటిమట్టం అద్దం దాకా వస్తే ఆ ఒత్తిడికి అద్దం గాడికి అతుక్కుపోతుంది. బాగున్న మోటారే లాగలేనప్పుడు, ఆరు నెలలుగా 'కీచు'మంటూ నెట్టుకొస్తున్న మోటారు లాగుతుందా? అందుకే నీరు కిటికీ దాకా రాకముందే అద్దం దించాలి. పొంగే వాగు కనిపిస్తే అసలు దిగకుండా వెనక్కి తిరగడం అన్నిటికన్నా మేలు.

అద్దం దిగకపోతే పగలగొట్టాల్సిందే. ముందు అద్దం మీద శ్రమ పడొద్దు. అది పొరలు అతికించిన గాజు, పగిలినా ఊడదు. పక్క అద్దాలు చాలా కార్లలో గట్టిపరచిన గాజు. మొన తేలిన చిన్న సుత్తితో మూల దగ్గర కొడితే ముక్కలు ముక్కలుగా రాలిపోతాయి. కొన్ని కొత్త కార్లలో పక్క అద్దాలు కూడా పొరల గాజే ఉంటున్నాయి. అద్దం మూలన ఉండే ముద్రలో టెంపర్డా, ల్యామినేటెడా అన్నది రాసి ఉంటుంది. ఇవ్వాళే ఓసారి చూసుకోండి. ఆ సుత్తి డిక్కీలో ఉంటే ప్రయోజనం లేదు, డ్రైవరు చేతికి అందేచోట ఉండాలి.

బయల్దేరే ముందు రెండు నిమిషాలు

ఊరికి బయల్దేరేటప్పుడు టైర్లు చూసుకుంటాం, పెట్రోలు చూసుకుంటాం, కొబ్బరికాయ కూడా కొడతాం. ఇంకో రెండు నిమిషాలు అద్దాలకివ్వండి. రేడియో ఆపండి, ఏసీ ఆపండి. ఇంజను నడుస్తుండగా ఒక్కో అద్దాన్నీ పూర్తిగా దించి, పూర్తిగా ఎక్కించండి. నాలుగూ ఒకే వేగంతో ఎక్కుతున్నాయా? ఏదైనా ఒరుగుతోందా? ఎక్కడైనా తడబడి మళ్లీ కదులుతోందా? ఏ తలుపు మీటకి ఆ అద్దం పలుకుతోందా? అడుగున రంధ్రాలు తెరిచి ఉన్నాయా?

చిన్న తేడా కనిపిస్తే దారిలో చూసుకుందాంలే అని వదిలేయకండి. సూర్యాపేటలో అద్దం దిగకపోతే పోయేది ఓ చాయ్. మిర్యాలగూడలో ఎక్కకపోతే సీట్లనిండా ఊక. కాలువ కట్ట మీద దిగకపోతే... అంతదాకా రానివ్వకుండా ఉండటానికే కదా అది నెలల ముందు నుంచి 'కీచు'మంటోంది. వినండి మరి!